అండమాన్, అణుపరీక్ష: ఒక పదబంధానికి వ్యాఖ్యానం

"అండమాన్ నికోబార్ దీవులపై అణ్వస్త్ర పరీక్షల పర్యావరణ, ఆర్థిక, భద్రతా పర్యవసానాలు." చదవగానే అర్థమైపోయిందనిపించే మాట ఇది. విడదీసి చూస్తే పదపదానికీ ఒక పొరపాటుకు తావుంది. 2011 జనగణనలో ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఊళ్లో, స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. అక్కడి జంగ్లీఘాట్ నుంచి చేపల వేటకు వెళ్లేవాళ్లకు 'పరీక్ష' అన్నది పత్రికలో చదివి మడిచిపెట్టే మాట కాదు. ఆ రోజు పడవ తీయాలా వద్దా అని తేల్చే మాట. అందుకని ఒక్కొక్క పదాన్నే తీసుకుని, తొందర లేకుండా చెబుతాను.

మొదట ఒక నిజం. అండమాన్ నికోబార్ దీవుల్లో ఎన్నడూ అణ్వస్త్ర పరీక్ష జరగలేదు. ఈ వాక్యాన్ని ఎవరు ఎలా తిప్పి చెప్పినా నమ్మవద్దు. మరి పర్యవసానం లేదా అంటే, ఉంది. ఇది ఎలా కుదురుతుందో చెప్పాలంటే విశేష్యంతో, అంటే చివరి పదంతో, మొదలుపెట్టాలి.

పర్యవసానం

ఫలితమూ పర్యవసానమూ ఒకటి కాదు. ఫలితం అంటే పరీక్ష పెట్టినవారు తెలుసుకోవాలనుకున్నది: బాంబు పేలిందా, ఎంత శక్తితో పేలింది అన్నది. పర్యవసానం అంటే ఆ పేలుడు చివరికి ఎవరి దగ్గరికి, ఎప్పుడు, ఏ రూపంలో చేరింది అన్నది. ఫలితం ఆ రోజే తెలుస్తుంది. పర్యవసానం తరాలు దాటి కూడా వస్తుంది, అదీ పరీక్షతో ఏ సంబంధమూ లేనివారి ఇంటికి.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్‌లోని బికినీ పగడపు దీవి మీద 'కాజిల్ బ్రేవో' అనే బాంబును పేల్చింది. లెక్క వేసుకున్నది సుమారు 6 మెగాటన్నులు, వచ్చింది 15. మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలితే వెలువడేంత శక్తి. బాంబులోని లిథియం-7 పేలుడులో పాలుపంచుకోదని శాస్త్రజ్ఞులు అనుకున్నారు, అది పాలుపంచుకుంది. ఇదీ ఫలితం.

ఆ తెల్లవారుజామున జపాన్ చేపల పడవ 'దైగో ఫుకుర్యు మారు' అమెరికా ప్రకటించిన ప్రమాద మండలానికి బయటే ఉంది. పడవలో 23 మంది. పడమటి ఆకాశం ఒక్కసారి వెలిగింది. కొన్ని గంటల తర్వాత తెల్లటి పొడి డెక్ మీద, వలల మీద, మనుషుల జుట్టు మీద రాలసాగింది. ఆ పొడి పగడమే. పేలుడు పగడపు దిబ్బను నుజ్జుచేసి పైకి లేపింది, ఆ సున్నపు నలుసులకు రేడియోధార్మిక పదార్థాలు అంటుకుని కిందికి దిగాయి. పడవలోని రేడియో ఆపరేటర్ కుబోయామా ఐకిచి అదే ఏడు సెప్టెంబరు 23న చనిపోయాడు. గాలివాలున ఉన్న రొంగెలాప్ దీవి జనాన్ని ఖాళీ చేయించడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. ఇదీ పర్యవసానం. ఆ పడవవాళ్లు ఏ నిబంధననూ మీరలేదు. గీత గీసిన లెక్క ఒకటి, పేలిన శక్తి ఇంకొకటి, అంతే.

నెల దాటగానే, ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ అణుపరీక్షలను ఎక్కడివక్కడ నిలిపివేసే ఒప్పందం కావాలని కోరారు. పరీక్షల నిషేధం అనే ఆలోచనను ప్రపంచం ముందు పెట్టిన తొలి గొంతుల్లో మనది ఒకటి. ఇది గుర్తుంచుకుంటే 'భద్రత' అన్న పదం దగ్గర పనికివస్తుంది.

పరీక్ష

అన్ని పదాల్లోకీ ఎక్కువ గందరగోళం దీనితోనే. పత్రికల్లో 'పరీక్ష' అని కనిపించేవి కనీసం మూడు రకాలు.

ఒకటి, అణు విస్ఫోటన పరీక్ష. అంటే నిజంగా అణు శృంఖల చర్య జరిపి, బాంబును లేదా బాంబు వంటి సాధనాన్ని పేల్చడం. మన దేశం ఈ పని రెండు విడతల్లో చేసింది, రెండూ రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లోనే: 1974 మే 18న ఒకటి, 1998 మే 11న మూడు, 13న రెండు. 1974 నాటిదానికి ప్రభుత్వం పెట్టిన పేరు 'శాంతియుత అణు విస్ఫోటనం'. సాధనం పనితీరులో శాంతియుతానికీ యుద్ధానికీ భేదం ఉండదు. భేదం ప్రకటించిన ఉద్దేశంలోనే.

రెండు, క్షిపణి పరీక్ష. అంటే మోసుకెళ్లే వాహనాన్ని పరీక్షించడం, మోసేదాన్ని కాదు. అండమాన్‌లో వినిపించే 'పరీక్ష' దాదాపు ఎప్పుడూ ఇదే. ఫలానా తేదీన, ఫలానా గంటల మధ్య, ఫలానా అక్షాంశ రేఖాంశాల లోపలికి పడవలు వెళ్లరాదని సముద్రానికి ఒక హెచ్చరిక వస్తుంది. విమానాలకు 'నోటామ్' అనే అలాంటి హెచ్చరికే వస్తుంది. 2025 మే 23, 24 తేదీల్లో అండమాన్ గగనతలాన్ని ఉదయం పూట కొన్ని గంటలు మూసివేసినప్పుడు జరిగింది ఇదే. 2020 నవంబరు 24న, 2022 మార్చి 23న ఈ దీవుల నుంచి బ్రహ్మోస్‌ను ప్రయోగించారు. హైదరాబాద్‌లో కూర్పు జరిగే బ్రహ్మోస్ మోసేది మామూలు పేలుడు పదార్థం, అణ్వస్త్రం కాదు. ఒడిశా తీరం నుంచి బంగాళాఖాతం మీదుగా వెళ్లే అగ్ని క్షిపణులకు అణ్వస్త్రాన్ని మోసే శక్తి ఉంది. పరీక్షలో మాత్రం వాటి తలలో ఉండేది అంతే బరువున్న ఉత్త దిమ్మ. అంటే ఏమిటంటే, ఈ పరీక్షల వల్ల సముద్రంలోకి అణుధూళి రాదు. శకలాలు పడతాయి, ఇంధనపు మిగులు ఉంటుంది, ఒకరోజు వేట పోతుంది. వీటిని లెక్కించవలసిందే, కానీ లెక్కించవలసింది ఈ పద్దు కింద కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వచ్చే వేట నిషేధం ఇంకా వేరు. దానికీ దీనికీ సంబంధమే లేదు.

మూడు, పేలుడు దాకా పోని పరీక్ష. అంటే శృంఖల చర్య మొదలయ్యే హద్దుకు ఇవతలే ఆపి కొలతలు తీసుకునేది, లేదా కంప్యూటర్ మీద లెక్కలు కట్టి చూసేది. పెద్ద అణుదేశాలు ఇప్పుడు ఎక్కువగా దీనిమీదే ఆధారపడుతున్నాయి.

ఇక మొదటి రకంలోనే చోటును బట్టి భేదాలు ఉన్నాయి: ఆకాశంలో, నీటి అడుగున, భూగర్భంలో. 1963 ఆగస్టు 5న మాస్కోలో కుదిరిన పాక్షిక నిషేధ ఒప్పందం మొదటి రెండింటినీ, అంతరిక్షంలో పేల్చడాన్నీ నిషేధించింది. భూగర్భాన్ని వదిలేసింది. భారత్ మూడు రోజులకే సంతకం చేసింది. కాబట్టి పోఖ్రాన్ పేలుళ్లు భూగర్భంలో జరగడం మన ఇష్టం ఒక్కటే కాదు, మనం పెట్టిన సంతకం కూడా.

అణ్వస్త్రం

ఈ పదం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. బరువైన పరమాణువులను చీల్చి శక్తిని తీస్తే విచ్ఛిత్తి, తేలికైనవాటిని కలిపి తీస్తే సంలీనం, అంటే హైడ్రోజన్ బాంబు. 1998 మే 11 నాటి మూడింటిలో ఒకటి హైడ్రోజన్ బాంబు అనీ, శక్తి 45 కిలోటన్నులనీ అప్పట్లో చెప్పారు. పోఖ్రాన్ పరీక్షల్లో పనిచేసిన డీఆర్‌డీఓ శాస్త్రజ్ఞుడు కె. సంతానం 2009లో అది అనుకున్నంత శక్తితో పేలలేదన్నారు. ఆర్. చిదంబరం, అబ్దుల్ కలాం ఆ మాటను ఖండించారు. ఈ వాదాన్ని ఇక్కడ ఎత్తింది ఒక్క కారణానికి: 'మళ్లీ పరీక్షించాలి' అనే వాదం అప్పుడప్పుడూ తలెత్తేది ఈ సందేహం నుంచే.

పర్యావరణం

ఈ పదం కింద మూడు సంగతులు చెప్పాలి: అణుధూళి, చోటు, భూకంపం.

అణుధూళి అంటే పేలుడులో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు నలుసులకు అంటుకుని, గాలితో ప్రయాణించి, వానతోనో తమ బరువుతోనో కిందికి దిగడం. ప్రతి పదార్థానికీ ఒక అర్ధజీవితకాలం ఉంటుంది, అంటే ఉన్నది సగమవడానికి పట్టే కాలం. అయోడిన్-131కి అది 8 రోజులు. స్ట్రాన్షియం-90కి, సీసియం-137కి ఇంచుమించు ముప్పై ఏళ్లు. కార్బన్-14కు 5,730 ఏళ్లు. ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్ల పైన. రెండు అర్ధజీవితకాలాలు గడిస్తే అంతా పోతుందనుకోవడం పొరపాటు, అప్పటికీ నాలుగో వంతు మిగులుతుంది. ఒంట్లో చేరే చోటు కూడా పదార్థాన్ని బట్టి మారుతుంది. అయోడిన్ థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. స్ట్రాన్షియం సున్నపు ధాతువులాగా ఎముకల్లోకి పోతుంది.

ప్రపంచంలో ఇప్పటివరకు జరిగిన అణుపరీక్షలు రెండు వేలకు పైన. ఆకాశంలో పేల్చినవాటి మొత్తం శక్తి 440 మెగాటన్నులని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం లెక్క. ఈ ధూళి ఎక్కువగా పడిన 1963లో ప్రపంచపు సగటు మనిషికి దీనివల్ల అందిన మోతాదు ఏడాదికి 0.11 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి ఎటూ అందేది 2.4. అంటే సగటు మనిషికి ఇది చిన్న అదనం. ఈ అంకెను దాచిపెట్టి భయపెట్టడం తప్పు. ఇదే అంకెను చూపించి రొంగెలాప్‌ను మరిపించడం అంతకన్నా పెద్ద తప్పు. సగటు అనేది ఎవరి ఒంటిమీదా పడదు.

ఇప్పుడు అండమాన్. ఉత్తర అండమాన్ కొనన లాండ్‌ఫాల్ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి పగడం మీద అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు పనిచేశారు. పగడం ఏటా ఒక పొర వేస్తూ పెరుగుతుంది. దాన్ని కోసి ఎక్స్‌రే తీస్తే నల్లగా, తెల్లగా పట్టెలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడుతూ వెనక్కి వెళితే ఏ పొర ఏ ఏటిదో తెలుస్తుంది. ఆ పొర నుంచి కొంచెం పొడి గీకి, అందులో కార్బన్-14 ఎంతుందో కొలుస్తారు. పగడం తన అస్థిపంజరాన్ని సముద్రజలంలోని కార్బన్‌తోనే కట్టుకుంటుంది. అంటే ఆ ఏడు ఆ నీళ్లలో ఏముందో అదే పొరలో ఉంటుంది. ఆకాశ పరీక్షలు ఉధృతంగా సాగిన రోజుల్లో ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది, 1963-64లో శిఖరానికి చేరింది. సముద్రపు పైపొర దాన్ని మెల్లగా పీల్చుకుంది, అక్కడ శిఖరం 1970లలో గానీ రాలేదు. అణుపరీక్ష ఎన్నడూ జరగని అండమాన్‌లో, నెవడా, నొవాయా జెమ్ల్యా, బికినీ పరీక్షల గుర్తు ఇలా పగడంలో సంవత్సరాల వారీగా నమోదై ఉంది. ఆ మోతాదు పగడానికి గానీ, దాని పక్కన ఈదే చేపకు గానీ, ఆ చేపను తినే మనిషికి గానీ హాని చేసేంతటిది కాదు. హాని చెప్పడానికి ఈ ఉదాహరణ ఇవ్వలేదు. 'దూరంగా పేల్చాం' అన్న మాటలో ఎంత నిజముందో కొలిచి చూపడానికి ఇచ్చాను.

అందుకే చోటు. అణుదేశాలు పరీక్షకు చోటు వెతికినప్పుడల్లా వాడిన మాట 'సుదూరం'. బికినీ, ఎనెవెటాక్, మురురోవా, క్రిస్మస్ దీవి, పసిఫిక్‌లోని ఇవన్నీ సుదూరాలే, పరీక్షించేవారి రాజధానుల నుంచి. బికినీ నుంచి 1946లో లేపిన 167 మందికి అది ఇల్లు. హిందూ మహాసముద్రం దీనికి అతీతం అనుకోవద్దు. బ్రిటన్ తన మొట్టమొదటి అణుబాంబును పేల్చింది 1952 అక్టోబరు 3న పశ్చిమ ఆస్ట్రేలియా తీరాన మాంటెబెల్లో దీవుల దగ్గర, ఒక యుద్ధనౌక కడుపులో పెట్టి. 1979 సెప్టెంబరు 22న దక్షిణాఫ్రికాకు దిగువన ఇదే మహాసముద్రపు అంచున ఒక అమెరికా ఉపగ్రహం జంట మెరుపును చూసింది. అణువిస్ఫోటనానికి జంట మెరుపే గుర్తు. అది ఎవరి పని అన్నది అధికారికంగా ఇప్పటికీ తేలలేదు. ఢిల్లీ నుంచి చూస్తే అండమాన్ కూడా సుదూరమే. సెంటినెలీలకు, షొంపెన్‌లకు, నికోబారీలకు, జంగ్లీఘాట్ తెలుగువాళ్లకు మాత్రం కాదు. ఈ దీవుల మీద ఏ పెద్ద పథకం తలపెట్టినా, 'సుదూరం' అన్న మాట ఎవరు ఎక్కడ నిలబడి అంటున్నారో ముందు చూడాలి.

భూగర్భంలో పేలిస్తే అంతా లోపలే ఉంటుందన్నదీ సగం నిజమే. 1970 డిసెంబరు 18న నెవడాలో భూగర్భంలో చేసిన 'బేన్‌బెర్రీ' పరీక్ష నేలను చీల్చుకుని మేఘంగా పైకి వచ్చింది.

ఇక భూకంపం. 2004 డిసెంబరు 26 తర్వాత, ఎవరో సముద్రం కింద అణుపరీక్ష చేస్తేనే సునామీ వచ్చిందనే పుకారు చాలా దేశాల్లో పాకింది. దీన్ని పూర్తిగా విప్పాలి. అండమాన్ లాగే పలక కింద పలక దూరే చోట, అలూషియన్ దీవుల్లోని ఆమ్‌చిట్కాలో, అమెరికా 1971 నవంబరు 6న 'కానికిన్' పేల్చింది. భూగర్భంలో అమెరికా చేసిన పరీక్షలన్నిటిలోకీ పెద్దది అది, దాదాపు 5 మెగాటన్నులు, భూమికి కిలోమీటరున్నర కన్నా లోతున. సునామీ వస్తుందని ముందే భయపడి కెనడాలో కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు, అదే తర్వాత గ్రీన్‌పీస్ అయింది. నేల దాదాపు 7 తీవ్రతతో కంపించింది. పెద్ద భూకంపం పుట్టలేదు, సునామీ విపత్తూ రాలేదు. 2004 భూకంపం తీవ్రత 9.1. భూకంప కొలమానంలో ఒక్క మెట్టు ఎక్కితే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. రెండు మెట్లు ఎక్కితే దాదాపు వెయ్యి రెట్లు. ఆ ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా పక్కన మొదలైన చీలిక ఉత్తర అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు సాగింది. నికోబార్ దక్షిణ కొన అయిన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఉత్తర అండమాన్ తీరాలు పైకి లేచి, పగడాలు ఎండలో బయటపడ్డాయి. ఏ బాంబూ ఒక తీరాన్ని కుంగదీసి ఇంకో తీరాన్ని ఇలా పైకెత్తలేదు.

రెంటినీ గుర్తుపట్టే పద్ధతి కూడా ఉంది. నూనెలో పూరీ పొంగినట్టు, పేలుడు చుట్టూ ఉన్న రాతిని అన్ని వైపులకూ ఒకేసారి బయటికి నెడుతుంది. భూకంపంలో ఒక పలక మీద ఇంకో పలక జారుతుంది. అందుచేత పేలుడులో మొదటి తరంగాలు బలంగానూ, ఉపరితలం వెంట వచ్చే తరంగాలు బలహీనంగానూ ఉంటాయి. ఈ తేడాను వినడానికే 1960లలో బ్రిటన్ సహకారంతో కర్ణాటకలోని గౌరీబిదనూరులో మన భూకంపమాపక కేంద్రాన్ని కట్టారు.

ఆర్థికం

ఇక్కడ రెండు మాటలే చెప్పాలి: ఆంక్షలు, పరిహారం.

ఆంక్ష అంటే శిక్ష అని వాడుక. సరిగా చెప్పాలంటే, ఇచ్చేదాన్ని ఇవ్వకపోవడం. 1974 తర్వాత కెనడా మన రాజస్థాన్ రియాక్టర్లకు సహకారం ఆపేసింది, అణుసామగ్రిని సరఫరా చేసే దేశాలు ఒక కూటమి కట్టుకుని మనకు తలుపు మూశాయి. రియాక్టర్లకు కావలసిన భారజలాన్ని మనమే తయారుచేసుకోవలసివచ్చింది, గోదావరి పక్కన మణుగూరులో ఉన్న భారజల కర్మాగారానిది ఆ వరుసే. ఆ తలుపు 2008 సెప్టెంబరు 6న గానీ తెరుచుకోలేదు. అప్పటికి యురేనియం కొరతతో మన రియాక్టర్లు సగం సామర్థ్యం దగ్గర నడుస్తున్నాయి. ఒక్క పరీక్షకు 34 ఏళ్ల ఆర్థిక పర్యవసానం.

1998 ఆంక్షలు అంత దూరం పోలేదు. అమెరికా, జపాన్ కొత్త సాయాన్ని నిలిపేశాయి. ప్రపంచ బ్యాంకులో మనకు రావలసిన రుణాలు వాయిదా పడ్డాయి, మానవీయ అవసరాలకు ఇచ్చేవి తప్ప. ఆ మినహాయింపు మన రాష్ట్రానికి తగిలింది. 1998 జూన్ చివర్లోనే ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ పథకానికి 54 కోట్ల డాలర్ల పైచిలుకు రుణం మంజూరైంది, అందులో బడులూ ఆరోగ్యమూ పోషకాహారమూ ఉన్నాయి కనుక. ఆగస్టులో ప్రవాసుల నుంచి బాండ్ల ద్వారా 420 కోట్ల డాలర్లు వచ్చాయి. అమెరికా ఆంక్షల్లో ఎక్కువ భాగం 2001 సెప్టెంబరులో ఎత్తివేశారు. 'ఆంక్షలు మనల్ని ఏమీ చేయలేదు' అన్నది అతిశయోక్తి, 'కుంగదీశాయి' అన్నదీ అంతే.

పరిహారం. ఫుకుర్యు మారు వ్యవహారంలో అమెరికా 1955 జనవరిలో జపాన్‌కు 20 లక్షల డాలర్లు ఇచ్చింది, ఎక్స్‌గ్రేషియాగా. మనకు రోజూ పత్రికల్లో కనిపించే మాటే. ఎక్స్‌గ్రేషియా అంటే బాధ్యత ఒప్పుకోకుండా దయతో ఇచ్చేది. పరిహారం అంటే బాధ్యత ఒప్పుకుని, నష్టాన్ని కొలిచి చెల్లించేది. పుచ్చుకునేవారి చేతిలో డబ్బు ఒకటే కావచ్చు. కానీ మొదటిదాంట్లో మళ్లీ అడిగే హక్కు లేదు. మార్షల్ దీవుల న్యాయమండలి తర్వాతి కాలంలో 200 కోట్ల డాలర్లకు పైగా పరిహారం తీర్పిచ్చింది. అమెరికా నిధిలో పెట్టింది 15 కోట్లు.

భద్రత

ఈ పదంతోనే అండమాన్‌కు అన్నిటికంటే దగ్గరి సంబంధం. ఇందులోనే అన్నిటికంటే ఎక్కువ కలగాపులగం.

నిరోధం అంటే ఎదుటివాడు దాడి చేయకుండా, తిరుగుదెబ్బ భయంతో ఆపగలగడం. 1998 పరీక్షల ఉద్దేశం అదేనన్నారు. మే 28న, 30న పాకిస్థాన్ తానూ పరీక్షించింది. ఏడాది తిరిగేలోగా కార్గిల్ యుద్ధం. పరీక్షల వల్లే కార్గిల్ వచ్చిందని చెప్పను. ఒకదాని తర్వాత ఒకటి రావడం వేరు, ఒకదాని వల్ల ఒకటి రావడం వేరు. అణ్వస్త్రం ఉంటే యుద్ధమే రాదన్న మాట మాత్రం నిలవలేదు, ఇది రూఢి. కార్గిల్ సమీక్ష, దాని మీద మంత్రుల బృందం నివేదిక, ఆ నివేదిక నుంచి 2001 అక్టోబరులో పోర్ట్ బ్లెయిర్ కేంద్రంగా అండమాన్ నికోబార్ కమాండ్ వచ్చాయి. సైన్యం, నౌకాదళం, వాయుసేన ఒకే అధిపతి కింద పనిచేసే తొలి కమాండ్ అది. మొదటి అధిపతి వైస్ అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్.

ఇది అణు కమాండ్ కాదు. అణ్వస్త్రాలను చూసేది వ్యూహాత్మక దళాల కమాండ్, 2003 జనవరి 4న ప్రకటించినది. ఆ రోజే 'ముందుగా వాడం' అన్న విధానాన్నీ అధికారికంగా ధ్రువీకరించారు. ముందుగా వాడం అన్నప్పుడు, తొలిదెబ్బ తిన్నాక కూడా మిగిలే అస్త్రం కావాలి. సముద్రం లోపల దాగే జలాంతర్గామి అలాంటిది. విశాఖలో 2009 జూలై 26న అరిహంత్‌ను నీళ్లలోకి దించడం, 2024 ఆగస్టు 29న అక్కడే అరిఘాత్ నౌకాదళంలో చేరడం ఇందుకే. అవి తిరిగే బంగాళాఖాతానికి తూర్పు వాకిలి అండమాన్. అంటే అణువిధానంలో ఈ దీవుల పాత్ర అస్త్రాగారానిది కాదు, కాపలాది. కాపలా ఉన్నచోట కూడా బరువు పడుతుంది: రన్‌వేలు, జెట్టీలు, మూసిన నీళ్లు. అవసరమైనవి కావచ్చు, కానీ ఉచితం కాదు.

మారటోరియం అంటే మనంతట మనం ఆపుకోవడం. 1998 నుంచి మనది అదే. ఒప్పందం అంటే ఇతరులకు మాటిచ్చి, తనిఖీకి ఒప్పుకోవడం. సమగ్ర నిషేధ ఒప్పందం, అంటే సీటీబీటీ, 1996 సెప్టెంబరు 24న సంతకాలకు వచ్చింది. 44 నిర్ణీత దేశాలూ ఆమోదిస్తే గానీ అమల్లోకి రాదు. భారత్, పాకిస్థాన్, ఉత్తర కొరియా సంతకమే చేయలేదు. అమెరికా, చైనా సంతకం చేసి ఆమోదించలేదు. రష్యా ఇచ్చిన ఆమోదాన్ని 2023లో వెనక్కి తీసుకుంది. అస్త్రాలు ఉన్నవారు వాటిని వదులుకునే గడువు చెప్పకుండా లేనివారిని కట్టేస్తున్నారన్నది అప్పటి మన అభ్యంతరం. అందులో న్యాయం ఉంది.

అయితే ఆ ఒప్పందానికి ఒక వినే యంత్రాంగం ఉంది, అది అమలుకు ఆగలేదు. భూకంపమాపకాలు, గాలిలో అతినిమ్న ధ్వనిని పట్టేవి, రేడియోధార్మిక కణాలను జల్లెడపట్టేవి, సముద్రంలో వినేవి, అన్నీ కలిపి 321 కేంద్రాల ప్రణాళిక. సముద్రంలో వినేవి 11. వాటిలో కొన్ని హిందూ మహాసముద్రంలో: డియెగో గార్సియా, ఆస్ట్రేలియాలోని కేప్ లూవిన్, క్రోజే దీవులు. నీళ్లలో ఒకానొక లోతున ధ్వని చెదరకుండా వేల కిలోమీటర్లు పోతుంది. ఆ లోతున మూడేసి హైడ్రోఫోన్లను త్రికోణంలో వేలాడదీస్తారు. మూడింటికీ ధ్వని చేరే క్షణాల్లోని తేడాను బట్టి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది.

2004 డిసెంబరు 26న, భూకంపం మొదలైన దాదాపు అరగంటకు, డియెగో గార్సియా హైడ్రోఫోన్లకు ఆ ధ్వని చేరింది. ఒక్క దిక్కు నుంచి కాదు. నిమిషాలు గడుస్తున్నకొద్దీ ఆ దిక్కు ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. అంటే చీలిక సుమత్రా నుంచి నికోబార్ మీదుగా అండమాన్‌కు పాకుతున్న క్రమమంతా అందులో నమోదైంది. చీలిక వేగం సెకనుకు రెండున్నర కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉందని ఆ నమోదు నుంచే తర్వాత లెక్కగట్టారు. అణుబాంబు కోసం పెట్టిన చెవికి అండమాన్ చీలిన శబ్దం వినిపించింది. ఆ రోజు ఆ సమాచారం ఎవరినీ హెచ్చరించలేదు. దాన్ని సునామీ కేంద్రాలకు అందించే ఏర్పాటే అప్పటికి లేదు. 2005 మార్చి నుంచి ఆ ఏర్పాటు మొదలైంది, తర్వాత జపాన్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా వంటి దేశాలు దీనికోసం ఒడంబడికలు చేసుకున్నాయి. ఒప్పందంపై సంతకం లేని మనకు ఆ సమాచారం మీద హక్కు లేదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి మన సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. మంచి కేంద్రం. 2011 నుంచి హిందూ మహాసముద్ర దేశాలకు హెచ్చరికలిచ్చే మూడింటిలో ఒకటి. కార్ నికోబార్‌కు దాని మాట నిమిషాల్లో చేరాలి, ఎందుకంటే అక్కడ అలకూ భూకంపానికీ మధ్య ఉండే వ్యవధి నిమిషాలే. ఆ చోట ఒక్క అదనపు కొలత కూడా వదులుకోదగ్గది కాదు.

సీటీబీటీ మీద సంతకం చేయాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న, దాన్ని పార్లమెంటు తేల్చాలి. సునామీ హెచ్చరికకు పనికివచ్చే కొలతలను ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఆ ప్రశ్న తేలేదాకా ఆగనక్కర్లేదు. గౌరీబిదనూరు కొలతలను మనం ఇవ్వవచ్చు, డియెగో గార్సియా కొలతలను అడగవచ్చు. నిషేధం కావాలని 1954లో అడిగిన దేశం ఈ చిన్న ఏర్పాటును అడగడానికి వెనుకాడనక్కర్లేదు. అండమాన్ నికోబార్ నుంచి లోక్‌సభకు ఒక్కరే వెళతారు. ఆ ఒక్క సభ్యుడు సభలో వేయవలసిన ప్రశ్న ఇది. జంగ్లీఘాట్ నుంచి కాంప్‌బెల్ బే దాకా ఉన్న ఓటర్లు ఆయన చేత వేయించాలి.